సంగటి ముద్దలో పాలివాడు

అనంతపురం సీమలో ఇద్దరు చుట్టాలు కలుసుకొంటే మొదటి ప్రశ్న వానను గురించి. "మీ పక్క పదునైందా?" అని అడిగిన తరువాతనే తక్కిన క్షేమసమాచారాలు. పిల్లల చదువు, చేని పని, గొర్రెల మంద, పని వెదుక్కొంటూ ఊరు విడిచిన వారి సంగతి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ వరుసలో చిట్టచివర తరచుగా వినవచ్చే ప్రశ్న మరొకటి ఉన్నది: "కుక్క ఎట్లుండాది?" మనుషులకే తిండి కరవైన సీమలో కుక్క క్షేమం అడగడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఆ ప్రశ్నలో ఆ సీమ జీవితమంతా ఇమిడి ఉన్నది.

అనంతపురం పీఠభూమికి ప్రకృతి రెండు వైపులా అన్యాయమే చేసినది. నైరుతి ఋతుపవనాల తేమను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా వేళకు రాదు. పెన్న, చిత్రావతి, వేదవతి అనే మూడు నదుల పేర్లు పటంలో కనిపిస్తాయి. ఏటిలో మాత్రం ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపిస్తుంది. పలుచని ఎర్రనేలలో వేరుసెనగ వేసి ఆకాశం వైపు చూడడమే ఇక్కడి రైతు వ్యవసాయం. 1876లో మొదలైన ధాత కరువును ఈ సీమ తరతరాలుగా చెప్పుకొన్నది. 2022లో జిల్లాను విడదీసి దక్షిణ భాగాన్ని శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పరచినారు. జిల్లాలు రెండైనవి గాని కరువు ఒక్కటే.

పంట నమ్మకం కాని చోట మనిషి పశువును నమ్ముకొంటాడు. కురుబల కులవృత్తి గొర్రెల పెంపకం. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక కోటి డెబ్బదియారు లక్షల గొర్రెలు ఉన్నవి. చేను ఎండినా గొర్రె గుట్ట మీది గడ్డిపరకను వెదుక్కొని బ్రతుకుతుంది. ఊరి చుట్టూ మేత అయిపోయినప్పుడు కాపరులు మందను తోలుకొని నీళ్ళున్న సీమలకు సాగిపోతారు. కోతలైన పొలాలలో రాత్రిపూట మంద కట్టించుకొన్న రైతు, ఆ ఎరువుకు బదులుగా గింజలో, రొక్కమో ఇస్తాడు. నెలల తరబడి సాగే ఈ ప్రయాణంలో కాపరికి ఇల్లంటే భుజం మీది గొంగడి. ఇంటివాడంటే వెంట నడిచే కుక్క.

ఈ మైదానాలలో తోడేలు అడవి జంతువు కాదు, బయలు జంతువు. బోడిగుట్టలు, గడ్డిబీళ్ళు దాని నివాసాలు. చీకటిలో అది మందను సమీపించే అలికిడి కాపరి చెవికి అందదు. కుక్క చెవికి అందుతుంది. పగలంతా ఎండలో మంద వెంట తిరిగిన మనిషి రాత్రి ఒక్క కునుకు తీయగలుగుతున్నాడంటే, మందకు నాలుగు వైపులా కాళ్ళు ముడుచుకొని పడుకొన్న కుక్కలే అందుకు కారణం. అవి తోడేలును చంపనక్కరలేదు. గొంతెత్తి కాపరిని లేపితే చాలు. ఒక గొర్రెపిల్ల బ్రతికితే ఒక పిల్లవాని బడి పుస్తకాలకు దారి దొరికినట్లే. కుక్క చేసే పనికి కూలి లెక్క ఎవరూ వ్రాయలేదు గాని, ఆ సంసారపు ఆదాయంలో దాని కష్టం కూడా ఉన్నది.

ఈ స్నేహం నిన్నటిది కాదు. అనంతపురం జిల్లాలోని పాలవాయిలో నవీన శిలాయుగపు బూడిద దిబ్బ ఉన్నది. పశువుల పేడను కుప్పలు వేసి కాల్చినందువల్ల అటువంటి దిబ్బలు ఏర్పడినవని పురావస్తు పరిశోధకులు తేల్చినారు. అంటే నాలుగు వేల సంవత్సరాలకు పూర్వమే ఈ గుట్టల నడుమ మందలు మేసినవి. అదే యుగంలో, దూరాన కశ్మీరంలోని బూర్జహోమ్‌లో, మనుషులతో పాటు కుక్కలను కూడా పాతిపెట్టిన గోతులు బయటపడినవి. చచ్చిన తరువాత కూడా తోడుండాలని కోరుకొనేటంత దగ్గరితనం ఆనాటికే ఏర్పడినదన్నమాట.

చరిత్రకాలానికి వస్తే కుక్క పేరు శాసనానికే ఎక్కినది. మడకశిర దగ్గరి హేమావతి రాజధానిగా నోళంబులు ఏలిన రోజులలో, వారి పొరుగున గంగ రాజ్యం ఉండేది. క్రీ.శ. 949 ప్రాంతంలో తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని పక్షాన గంగరాజు బూతుగుడు చోళులతో పోరినాడు. ఆ యుద్ధంలో మణలేరుడనే వీరుడు చూపిన పరాక్రమానికి రాజు సంతోషించి, ఏమి కావలెనో కోరుకొమ్మన్నాడు. ఆ వీరుడు బంగారం అడుగలేదు. రాజుగారి వేటకుక్క 'కాళి'ని ఇప్పించమన్నాడు. ఆ కుక్క పిమ్మట ఒక అడవిపందితో తలపడినది. రెండూ ఒకదానినొకటి చంపుకొన్నవి. కాళి స్మృతికి ఆతకూరులో శిల నిలిపి, దాని పూజకు భూమి ఇచ్చినారు. నేటి కర్ణాటకలో మండ్య జిల్లాకు చెందిన ఆ వీరగల్లు బెంగళూరు మ్యూజియంకు చేరినది. మహారాజుల యుద్ధాన్ని, ఒక కుక్క మరణాన్ని ఒకే రాతి మీద చెక్కిన కాలమది.

మన భాష మాత్రం కుక్కపట్ల అంత ఉదారంగా లేదు. తిట్టవలసి వచ్చినప్పుడు మొదట నోటికి వచ్చే పేరు దానిదే. వంకర బుద్ధికి కుక్కతోక, చేతగాని సాహసానికి కుక్కతోక పట్టుకొని గోదారి ఈదడం మన సామెతలు. కాని మన ఆదికావ్యమైన మహాభారతం తెరచి చూస్తే వేరొక న్యాయం కనిపిస్తుంది. నన్నయ తెనిగించిన ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవశునకం జనమేజయుని ముందు నిలిచి న్యాయం అడుగుతుంది. ఏ తప్పు చేయని తన పిల్లను రాజు తమ్ముళ్ళు యజ్ఞశాలలో కొట్టినారన్నది దాని ఫిర్యాదు. బదులు చెప్పలేని రాజుకు, ఊహించని భయం కలుగునని హెచ్చరించి వెళుతుంది. ఈ సరమయే ఋగ్వేదంలో పణులు దాచిన ఆవుల జాడ తీసిన కుక్క. తప్పిపోయిన మందను వెదకి చూపడం కుక్కకు వేదకాలం నాటి వృత్తి అన్నమాట.

తిక్కన తెనుగు చేసిన మహాప్రస్థానిక పర్వంలో చివరి ఘట్టం చిన్న తరగతుల పిల్లలకు కూడా తెలిసినదే. ద్రౌపది, నలుగురు తమ్ములు ఒక్కొక్కరే దారిలో పడిపోయిన తరువాత ధర్మరాజు వెంట మిగిలినది కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను విడిచి ఎక్కమన్నాడు. నమ్మి వెంట వచ్చిన దానిని విడిచి స్వర్గానికైనా రానన్నాడు ధర్మరాజు. భారతకథ ఒక కుక్క ఫిర్యాదుతో మొదలై, ఒక కుక్క తోడుతో ముగింపుకు వస్తుంది. అంత పెద్ద యుద్ధానికి ముందొకటి, వెనుకొకటి ధర్మానికి కొలతరాళ్ళుగా నిలిచినవి ఆ మూగజీవులే.

మనిషికి, కుక్కకు గల పొత్తుకు శాస్త్రజ్ఞులు మరొక సాక్ష్యం చూపినారు. బూడిదరంగు తోడేలు వంశం నుండి కుక్క విడివడి కనీసం పదునైదు వేల సంవత్సరాలు గడచినవని వారు చెబుతున్నారు. 2013లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిన సంగతి మరింత ఆసక్తికరమైనది. పిండిపదార్థాన్ని అరిగించే రసాన్ని తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కలో నాలుగు మొదలు ముప్పది వరకు ఉన్నవట. మాంసాహారియైన జంతువు మనిషి వ్యవసాయం నేర్చిన తరువాత అతని గింజ తినడం నేర్చినది. అనంతపురం పల్లెలో అవ్వ రాత్రి వేళ రాగిసంగటి ముద్దలో ఒక ముక్క తుంచి వాకిట వేస్తే, కుక్క దానిని తిని అరిగించుకోగలుగుతున్నదంటే, వేల ఏండ్ల సహవాసం దాని రక్తంలోనే వ్రాసి ఉన్నదన్నమాట. దాయాదులకు పొలంలో పాలు ఉన్నట్లు, కుక్కకు సంగటిలో పాలు ఉన్నది.

2005లో భారత తపాలా శాఖ ముధోల్, రాజపాళయం మొదలైన నాలుగు దేశీయ జాతుల కుక్కల బొమ్మలతో బిళ్ళలు వెలువరించినది. కొల్లేటి ప్రాంతంలో బాతుల మందలు తోలిన జోనంగి జాగిలానికి కూడా పేరున్నది. కాని అనంతపురం వాకిట పడుకొనే కుక్కకు అటువంటి వంశవృక్షం లేదు. అది వట్టి నాటుకుక్క. దాని పేరు ఆ ఇంటి పిల్లలు పెట్టినది. దాని జాతి ఆ ఇంటి జాతి.

ఆ ఇల్లే ఇప్పుడు ఏటేటా సగం ఖాళీ అవుతున్నది. ఇక్కడి కథలో కష్టమైన భాగమిదే. వేరుసెనగ చేతికి రాని ఏడు పడుచువాళ్ళు మూటలు కట్టుకొని బెంగుళూరుకో, కేరళకో కూలికి పోతారు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించడానికి ఈ కష్టమే కారణం. పథకాలు వచ్చినా వలస బండి పూర్తిగా ఆగలేదు. ఆ బండిలో కుక్కకు చోటుండదు. నగరంలో రేకుల గుడిసెకు అద్దె కట్టేవాడు కుక్కను ఎట్లా తీసుకొని పోగలడు? అందుచేత ఇంట్లో మిగిలేది ముసలివారు, బడి పిల్లలు, కుక్క. ముసలివారు కూడా లేని ఇంటికి తాళం పడుతుంది. తాళం పడిన వాకిట కుక్క కొన్నాళ్ళు అట్లే పడుకొంటుంది. పొరుగింటివారు పెడితే తింటుంది, లేకుంటే వీధిపాలవుతుంది. కరువు పనులలో మనిషికి కూలి ఉన్నది, పశువుకు గడ్డి ఉన్నది. కుక్క పేర ఏ పద్దూ లేదు. దానికున్న ఆధారం ఒక మనిషి మనస్సు మాత్రమే.

ఒకప్పుడు ఈ క్షేమసమాచారాలను కార్డు మోసేది; ఇప్పుడు ఫోను మోస్తున్నది. నగరంలో కట్టడం పనికి పోయిన కొడుకు రాత్రి ఇంటికి మాట్లాడితే, ఆ సంభాషణ ఏ పల్లెలోనైనా ఇంచుమించు ఇట్లే ఉంటుంది.

"అమ్మా, వాన పడిందా?"

"యాడ నాయనా, మబ్బు వచ్చినట్లే వచ్చి పాయె."

"పాప బడికి పోతాందా?"

"పోతాంది. నీవెప్పుడొస్తావని అడుగుతాంటాది."

"రాజుగాడు ఎట్లుండాడు?"

"వాకిట్లోనే పండుకోనుండాడు. నీ గొంతు ఇని చెవులు నిక్కబొడిచినాడు సూడు."

తల్లి చెప్పలేని మాట ఆ చివరి వాక్యంలో ఉన్నది. తనకు బెంగగా ఉన్నదని ఆమె అనదు. కుక్క ఎదురు చూస్తున్నదని అంటుంది. కొడుకు కూడా తన బెంగను కుక్క పేరు పెట్టి అడుగుతాడు. బరువైన మాటలను మోసే పని కూడా ఆ ఇంట్లో ఆ జీవికే పడినది.

గ్రీకుల మహాకావ్యం ఒడిస్సీలో ఇటువంటి ఘట్టమే ఉన్నది. ఇరువది ఏండ్ల తరువాత బిచ్చగాని వేషంలో తన ఇంటికి వచ్చిన ఒడిస్సియస్‌ను మనుషులెవరూ గుర్తింపలేదు. పేడకుప్ప మీద పడి ఉన్న ముసలి కుక్క ఆర్గోస్ గుర్తించి, తోక ఆడించి ప్రాణం విడిచినది. ఉగాదికి ఊరికి వచ్చే వలస కూలీలకు ఈ కావ్యం పేరు తెలియకపోవచ్చు. ఆ అనుభవం తెలుసు. ఏడాది దూరంగా ఉన్న తండ్రిని చూసి చంటిబిడ్డ కొత్త అనుకొని తల్లి చాటున దాగుతుంది. కుక్క మాత్రం ఊరి మొగలోనే ఎదురువచ్చి కాళ్ళకు చుట్టుకొంటుంది. "వీడు మనవాడే" అని బిడ్డకు మొదట చెప్పేది అదే.

ప్రేమకు జాగ్రత్త కూడా తోడు కావాలి; బడిపంతుళ్ళు పిల్లలకు చెప్పవలసిన మాట ఇది. పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత బ్రతకడం దాదాపు అసాధ్యం. కాని ముందుగా మేలుకొంటే దానిని నూటికి నూరుపాళ్ళు నివారింపవచ్చు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసి ఆ సంగతి ఋజువు చేసినాడు. ఏ కుక్క కరచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదునైదు నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. పసరు కట్టడం, మంత్రం పెట్టించడం ప్రాణానికి ముప్పు. పెంచుకొన్న కుక్కకు ఏటా టీకా వేయించడం, దానికి పెట్టే సంగటి ముద్ద వంటిదే. అది కూడా దాని పాలే.

కలిగిన ఇంట కుక్కను పెంచడం ముచ్చట. కరువు ఇంట పెంచడం ధర్మం. గాదె నిండినప్పుడు పెట్టిన ముద్దకు లెక్క ఉండదు; కుండ అడుగు గోకినప్పుడు తుంచిన ముద్దకు ఉంటుంది. ఆ తుంచిన చేతిని ఇంట్లోని పిల్లవాడు చూస్తూ ఉంటాడు. వాడు రేపు బళ్ళో ధర్మరాజు కథ చదివినప్పుడు, ఆ రాజు స్వర్గపు రథం ఎందుకు ఎక్కలేదో పంతులు వివరింపనక్కరలేదు. ఆ పాఠం వానికి తన వాకిటిలో అవ్వ ముందే చెప్పి ఉంటుంది.