వ్యాసం ఏ తెలుగులో రాయాలి?

వ్యాసరచన విద్యార్థి కోరి ఎంచుకొనే విషయం కాదు. గణితాన్నో, చరిత్రనో, తర్కశాస్త్రాన్నో తన ఇష్టం కొద్దీ ఎంచుకొన్న విద్యార్థికి కూడా వ్యాసరచన తరగతి తప్పనిసరిగానే వస్తుంది. ఈ నిర్బంధం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పంతొమ్మిదవ శతాబ్ది చివరినాటికే మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ ఆంగ్ల వ్యాసరచన విధిగా నేర్పేవారు. అక్కడి విద్యార్థులూ ఆ తరగతిని తొలిరోజునే ప్రేమించి ఉండరు. అయితే వారు మాట్లాడే భాషకూ, రాయవలసిన భాషకూ ఉన్న దూరం తక్కువ. తెలుగు విద్యార్థి దాటవలసి వచ్చిన దూరం చాలా ఎక్కువ. ఆ దూరం గురించి ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పెద్ద వాదం చెలరేగింది. దానికి కేంద్రాలు విజయనగరం, పర్లాకిమిడి.

1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం తరువాత మద్రాసు విశ్వవిద్యాలయం తన నిబంధనలను మార్చుకొంది. పాత ఎఫ్.ఏ. పరీక్ష స్థానంలో ఇంటర్మీడియట్ వచ్చింది. మాతృభాషలో వ్యాసరచన అందులో భాగమైంది. మాతృభాషకు ఈ మాత్రం గౌరవం దక్కినందుకు అందరూ సంతోషించవలసిందే. కాని వ్యాసం ఏ తెలుగులో రాయాలి అన్న ప్రశ్న వెంటనే ఎదురైంది.

ఆ ప్రశ్న విద్యార్థికి ఎలా తగిలిందో గ్రహించడానికి ఒక యువకుణ్ణి ఊహించుకొందాం. ఇతనిది శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున ఒక పల్లె. 1912 ప్రాంతంలో రైలెక్కి విజయనగరం వచ్చి మహారాజా కళాశాలలో ఇంటర్మీడియట్ తరగతిలో చేరాడు. ఆంగ్లమంటే అతనికి భయం. తర్కమంటే ఇంకా భయం. తెలుగు వ్యాసరచన అనగానే మాత్రం ధైర్యం కలిగింది. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషలో రాయడానికి కష్టమేముంది? పైగా ప్రతి వారం ఇంటికి ఉత్తరం రాస్తూనే ఉన్నాడు. ఆ ఉత్తరాల్లో అతని కలం ఎక్కడా ఆగడం లేదు.

మొదటి వ్యాసానికి ఇచ్చిన అంశం వరద. అతనికి దాని గురించి పుస్తకాల్లో చదువుకోవలసిన అవసరం లేదు. అర్ధరాత్రి ఏరు పొంగి ఊరి మీదికి వచ్చినప్పుడు 'బేగి లెగండి' అంటూ అప్ప అందరినీ తట్టి లేపడం అతనికి బాగా జ్ఞాపకం. ఏ ఇంటి గోడ ముందు కూలిందో, ఏ పశువు కట్టు తెంపుకొందో కళ్ళకు కట్టినట్టు చెప్పగలడు. అలాగే రాశాడు. తిరిగివచ్చిన వ్యాసంలో ఎర్రసిరా పడని పంక్తి లేదు.

ఆ ఎర్రగీతలకు కారణాలు తెలిస్తే అతని దుఃఖం కొంత అర్థమవుతుంది. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం ఆనాటి పండితులకు ప్రమాణ గ్రంథం. చిన్నయసూరి గొప్ప శాస్త్రకారుడు. అయితే ఆయన వర్ణించినది ముఖ్యంగా ప్రాచీన కావ్యాల్లోని భాష. దాని ప్రకారం 'మా ఇల్లు కూలిపోయింది' అని రాయరాదు; 'మా యిల్లు కూలిపోయెను' అని రాయాలి. 'నాకు తెలుసు' తప్పు. 'నాకుఁ దెలియును' ఒప్పు. 'నాకున్' అన్న మాట చివర నకారం ఉన్నదనీ, దాని పేరు ద్రుతమనీ, దాని తరువాత వచ్చే క, చ, ట, త, ప అక్షరాలు గ, జ, డ, ద, బలుగా మారుతాయనీ గుర్తుంచుకొంటేనే ఆ చిన్న వాక్యం సరిగా వస్తుంది. 'ఏడు' అంటే సంఖ్య; సంవత్సరమని చెప్పాలంటే నడుమ అరసున్న పెట్టి 'ఏఁడు' అని రాయాలి. పలుకుబడిలో ఆ రెంటికీ భేదం ఏనాడో పోయింది. ఏది ఎక్కడ రాయాలో చెవి చెప్పదు, నిఘంటువు చెప్పాలి. చివరికి అతని ఇంటి ముందు పారే ఏరు కూడా బండి ఱతో 'ఏఱు' కావాలి. 'బేగి' అన్న మాట సంగతి చెప్పనక్కరలేదు.

ఇక్కడి నుంచి ఆ విద్యార్థి మనసులో వచ్చిన మార్పు గమనించదగినది. మొదట సిగ్గుపడ్డాడు. తనకు తెలుగు రాదనుకొన్నాడు. తన తల్లికీ, ఊరికీ కూడా రాదనుకొన్నాడు. కొంతకాలానికి ఉపాయం తెలిసింది. పరీక్షకు పనికివచ్చే వాక్యాలను కంఠస్థం చేయడం మొదలుపెట్టాడు. అంశం ఏదైనా వాటినే అటూ ఇటూ మార్చి అతికించేవాడు. తరువాతి వ్యాసంలో తప్పులు తగ్గాయి. కాని అందులోని వరద నాగావళి వరద కాదు. అది ఎక్కడి వరదైనా కావచ్చు. పశువు లేదు, గోడ లేదు, అప్ప గొంతు లేదు. మార్కులు పెరిగే కొద్దీ వ్యాసంలో అతను కనబడకుండా పోయాడు. వ్యాసరచన మీద అతనికి కలిగిన విముఖత కేవలం బద్ధకం వల్ల పుట్టినది కాదు. రాయడం అంటే తనకు తెలిసినదాన్ని దాచిపెట్టడం అన్న పాఠం అతనికి ఆ తరగతిలో తెలియకుండానే అబ్బింది.

ఈ విద్యార్థి కల్పితుడే గాని ఇలాంటి విద్యార్థుల కష్టాన్ని కళ్ళారా చూసిన ఉపాధ్యాయులు నిజంగానే ఉండేవారు. గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి సమీపంలో వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. విజయనగరంలో చదువుకొన్నారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, 1911లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే పనిచేశారు. ఆయన స్వయంగా చదువుకొన్నదీ, చాలాకాలం నేర్పినదీ గ్రాంథిక భాషే. పర్లాకిమిడి పరిసరాల కొండల్లో నివసించే సవరల భాషను ఆయన నేర్చుకొన్నారు. ఆ భాషకు గ్రంథాలు లేవు, లిపి లేదు. చెవిన పడిన పలుకే ఆధారం. ఆ శ్రమ వల్ల భాష మొదట నోట ఉంటుందనీ, గ్రంథం తరువాతి మాటనీ ఆయనకు అనుభవపూర్వకంగా తెలిసింది.

ఇదే కాలంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా జె.ఏ. యేట్స్ వచ్చారు. తెలుగు నేర్చుకోబోయిన ఆ ఆంగ్లేయునికి ఒక సందేహం కలిగింది. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు మరొకటి. వీటిలో ఏది తెలుగు? విశాఖపట్నం మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఆయన అడిగారు. దీనికి సమాధానం చెప్పగలవారు గురజాడ, గిడుగులే అని అయ్యంగారు సూచించారు. తరతరాలుగా అలవాటుపడిపోవడం వల్ల మనవారికి వింతగా తోచని విషయం పరాయివానికి వింతగా తోచింది. ఆ విధంగా నలుగురూ ఒక పనిలో కలిశారు.

1912-13లో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని రాయవచ్చునని ఉత్తర్వు వెలువడింది. కావ్యభాషకు చిన్నయసూరి నీతిచంద్రికను ఉదాహరణగా చూపారు. ఆధునిక భాషకు చూపిన వాటిలో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రా చరిత్ర ఒకటి. 1830-31లో మద్రాసు నుంచి కాశీ వెళ్ళి, జగన్నాథం మీదుగా ఈ ఉత్తర కోస్తా దారినే తిరిగివచ్చిన ఆ యాత్రికుడు తాను చూసిన ఊళ్ళ విశేషాలను మిత్రునికి తెలియజేస్తూ రాసిన గ్రంథమది. అంటే ఒక విధంగా, మన విద్యార్థి ఇంటికి రాసే ఉత్తరాలకు అది పెద్దన్న వంటిది. మంచి వచనం ఎవరో ఒకరికి ఏదో ఒకటి చెప్పాలన్న కోరిక నుంచి పుడుతుందని ఆ ఎంపిక వల్ల తెలుస్తుంది.

పండితుల్లో అలజడి రేగింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. జయంతి రామయ్య పంతులు ఆ పక్షానికి నాయకులు. ఆయన వాదాన్ని మొండితనమని తోసిపుచ్చడం న్యాయం కాదు. ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క రీతిగా మాట్లాడుతారు; ఎవరి పలుకుబడిలో వారు రాస్తే శ్రీకాకుళం వాని వ్యాసం నెల్లూరు వానికి ఎలా తెలుస్తుంది? వాడుక మాటలకే అలవాటుపడిన విద్యార్థి రేపు భారతాన్ని ఎలా చదువుతాడు? ఇవి పట్టించుకోదగిన ప్రశ్నలే. వ్యావహారికవాదులు చెప్పిన జవాబు ఇది: చదువుకొన్నవారి వాడుకలో అన్ని జిల్లాలకూ తెలిసే శిష్టభాష ఒకటి అప్పటికే ఏర్పడి ఉంది, దానిలోనే రాయమంటున్నాం. భారతాన్ని చదివించండి, అర్థం చెప్పండి; కాని భారతం నాటి భాషలో వరద గురించి వ్యాసం రాయమనకండి.

ఇంటర్మీడియట్ వ్యాసరచన సంగతి తేల్చడానికి విశ్వవిద్యాలయం ఉపసంఘాన్ని నియమించింది. ఇరుపక్షాల వారికీ అందులో చోటు దక్కింది. అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపు మొగ్గారు. గురజాడ 1914లో తన అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా రాసి సమర్పించారు. తెలుగు వ్యాసం జీవద్భాషలో ఉండాలని వాదించిన ఆ పత్రం ఆంగ్లంలో ఉంది! గిడుగు 1913లో ఆధునిక తెలుగు గురించి ప్రకటించిన విజ్ఞాపన కూడా ఆంగ్లమే. విశ్వవిద్యాలయపు వ్యవహారమంతా ఆ భాషలోనే నడిచేది మరి. కన్యాశుల్కం నాటకంలో విజయనగరపు వాడుక భాషకు సాటిలేని రూపమిచ్చిన రచయిత పరీక్ష పత్రంలో మాత్రం దానికి చోటు సంపాదించలేకపోయారు. 1915 నవంబరు 30న గురజాడ మరణించారు.

గిడుగు ఆగలేదు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులైనది కందుకూరి వీరేశలింగం. గ్రాంథిక వచనంలో అంత విస్తారంగా రాసినవారు మరొకరు లేరనదగిన మహనీయుడు చివరి రోజుల్లో పక్షం మార్చుకోవడం చిన్న విషయం కాదు. గిడుగు మాత్రం విమర్శకు మరొక దారి పట్టారు. పండితులు రాసిన గ్రాంథికాన్నే తీసుకొని అందులో బాలవ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలను ఎత్తి చూపారు. 1933లో వచ్చిన ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అటువంటి గ్రంథమే. దిద్దేవారే నిలుపుకోలేని నియమాలకు పదహారేళ్ళ పిల్లవాణ్ణి శిక్షించడం ఎందుకన్నది అందులోని సారాంశం. ఆనాటి విద్యార్థి ఎవరైనా దాన్ని చదివి ఉంటే, తనకు తెలుగు రాదన్న పాత సిగ్గు కొంతైనా వదిలి ఉండాలి. 1940 జనవరి 22న గిడుగు కన్నుమూశారు.

ఇలాంటి తగాదా తెలుగువారికే ప్రత్యేకం కాదు. గ్రీసు దేశంలో 1901లో బైబిలు సువార్తను వాడుక గ్రీకులోకి అనువదించి పత్రికలో ప్రకటించినందుకు ఏథెన్సు వీధుల్లో అల్లర్లు జరిగి ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ వాడుక భాష విద్యాభాష కావడానికి 1976 దాకా పట్టింది. మన పోరాటం పత్రికల్లోనూ, సభల్లోనూ సాగింది. సిరా తప్ప రక్తం చిందలేదు.

నేడు విద్యార్థి వ్యాసం రాయడానికి అరసున్నలు నేర్చుకోనక్కరలేదు. 'మా ఇల్లు కూలిపోయింది' అని నిర్భయంగా రాయవచ్చు. ఆ మేరకు గిడుగు, గురజాడలు గెలిచారు. కాని గెలిచినది శిష్ట వ్యావహారికం. అది ప్రధానంగా కృష్ణా, గోదావరి మండలాల్లోని విద్యావంతుల పలుకుబడికి దగ్గరగా స్థిరపడింది. అందువల్ల 'ఏమిటి' ఒప్పయింది. శ్రీకాకుళం పిల్లవాని నోటికి వచ్చే 'ఏటి' మాత్రం ఇప్పటికీ తప్పే. 'త్వరగా' ఉంటుంది, 'బేగి' ఉండదు. ఎర్రసిరా తగ్గింది గాని ఎండిపోలేదు. అందరికీ ఉమ్మడిగా ఒక రాతభాష అవసరమే. అయినా ఆ ఉమ్మడి భాషను చేరడానికి ఒక ప్రాంతపు విద్యార్థి నాలుగు అడుగులు, మరొక ప్రాంతపు విద్యార్థి నలభై అడుగులు నడవవలసి వస్తుందన్న సంగతి వ్యాసాలు దిద్దేవారికి గుర్తుండాలి.

పరీక్ష పత్రంలో దొరకని చోటు ఆ మాటలకు కథలో దొరికింది. విజయనగరానికి చెందిన చాగంటి సోమయాజులు, శ్రీకాకుళంలో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి, అదే జిల్లా మురపాకకు చెందిన కాళీపట్నం రామారావు ఈ ప్రాంతపు పలుకును తెలుగు పాఠకులందరికీ వినిపించారు. రామారావు వృత్తిరీత్యా లెక్కల ఉపాధ్యాయులు. ఆయన 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 'యజ్ఞం' కథలో రైతులు తమ ఊరి భాషలోనే మాట్లాడుతారు. చుట్టూ ఉన్న కథనం మాత్రం అందరికీ తెలిసిన రాతభాషలో సాగుతుంది. 1997లో ఆయన శ్రీకాకుళంలో కథానిలయాన్ని నెలకొల్పారు. వేలాది తెలుగు కథలు అక్కడ భద్రంగా ఉన్నాయి. నాగావళి వంతెన దాటి వెళ్ళే విద్యార్థి ఎవరైనా అక్కడ ఆగి, తన ఊరి మాట అచ్చులో ఎలా ఉంటుందో చూసుకోవచ్చు.