డబ్బేదిరా అబ్బాయ్?

విద్యార్థి సంఘం మిత్రులు మొన్న మా గదికి వచ్చి, "వార్షిక సంచికకి మన కామర్సు శాఖ తరఫున ఏదైనా రాసివ్వండి మాస్టారూ" అన్నారు. తెలుగు శాఖ వారు కవితలిస్తారు, ఫిజిక్సు వారు నక్షత్రాల గురించి రాస్తారు, మేమేం రాస్తాం? చిట్టా, ఆవర్జా, అంకణా అన్న మాటలు కనబడగానే పేజీ తిప్పెయ్యని పాఠకుణ్ణి నేనింతవరకూ చూడలేదు. అయినా ఒప్పుకున్నాను. ఒక విశ్వవిద్యాలయపు అకౌంటింగ్ శాఖలో పుట్టిన ఒక లెక్క గురించి, మీలాంటి విద్యార్థులే దాన్ని వాడి చూసిన సంగతి గురించి మీకు చెప్పాలని చాలాకాలంగా ఉంది. అయితే అందుకు ముందు మా మేనమామ కొట్టు సంగతి చెప్పాలి.

మా మేనమామకి ఊళ్ళో కిరాణా కొట్టుండేది. నేను బి.కాం. రెండో సంవత్సరం పరీక్షలు రాసి సెలవులకి వెళ్ళినప్పుడు, "ఏరా, చదువుకుంటున్నావుగా, ఈ ఏడాది లెక్కలు కట్టిపెట్టు" అని ఖాతా పుస్తకాలు నా ముందు పడేశాడు. కొత్త ఉత్సాహం గదా! మూడు రోజులు కూచుని వర్తకపు ఖాతా, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ తయారు చేశాను. అంకణా పైసాతో సహా కలిసింది. నికర లాభం పదకొండు వేలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. గర్వంగా చూపించాను. మామయ్య కాయితాన్ని ఎగాదిగా చూసి, గల్లాపెట్టె సొరుగు లాగి నాకేసి తిప్పాడు. అందులో నూటనలభై రూపాయలూ, కొంత చిల్లరా ఉన్నాయి.

"లాభం వచ్చిందని నువ్వే రాశావుగదా. మరి డబ్బేదిరా అబ్బాయ్?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. జవాబు ఆ పుస్తకాల్లోనే ఉంది, చూడడం నాకు రాలేదు. ఆ ఏడు అమ్మకాలు పెరిగిన మాట నిజమే, కాని పెరిగినదంతా అరువే. పంట రాగానే ఇస్తామన్నవాళ్ళ పేర్లు రుణగ్రస్తుల జాబితాలో నలభై పైచిలుకున్నాయి. అరువిచ్చిన రోజునే అమ్మకం రాస్తాం, ఆ రోజునే లాభం పుడుతుంది. డబ్బు మాత్రం వచ్చినప్పుడే వస్తుంది. రెండేళ్ళ తర్వాత పట్నంలో టోకు వర్తకుడి బాకీ తీర్చలేక ఆ కొట్టు మూతపడింది. మామయ్య ఎవర్నీ మోసం చెయ్యలేదు, పద్దులు దొంగగా రాయించలేదు. లాభమూ డబ్బూ ఒకటి కావన్న పాఠం మాత్రం నాకు క్లాసులో రాలేదు, ఆ గల్లాపెట్టె దగ్గర వచ్చింది.

మామయ్యకి తెలియకుండా జరిగిన దాన్నే కొందరు తెలిసి చేస్తారు. రాని డబ్బుకి అమ్మకం రాస్తారు, ఖర్చుని ఆస్తిగా చూపిస్తారు. కంపెనీ గడప తొక్కకుండా, అచ్చయిన పద్దులు మాత్రమే చూసి దీన్ని కనిపెట్టడం సాధ్యమా? అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయపు అకౌంటింగ్ ఆచార్యుడు మెస్సోద్ బెనిష్ ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. లాభాలను తారుమారు చేసిన 74 కంపెనీల పద్దులను తీసుకుని, అవే పరిశ్రమల్లో ఉన్న మామూలు కంపెనీల పద్దులతో పోల్చారు. ఆ ఫలితాలతో ఆయన రాసిన వ్యాసం 1999లో ఫైనాన్షియల్ అనలిస్ట్స్ జర్నల్‌లో అచ్చయింది. అందులోని లెక్కకి ఎం-స్కోరు అని పేరు.

ఇందులో ఎనిమిది కొలతలున్నాయి. పేర్లు చూసి భయపడకండి, అన్నీ బి.కాం. స్థాయి నిష్పత్తులే. దాదాపు అన్నింటిలోనూ ఈ ఏటి అంకెను కిందటేటి అంకెతో పోలుస్తాం. మొదటిది, అమ్మకాలలో రుణగ్రస్తుల వంతు ఎంత పెరిగింది? కిందటేడు నూరు రూపాయల అమ్మకానికి పది రూపాయల బాకీ ఉండి, ఈ ఏడు నూటఇరవై అమ్మకానికి ఇరవైనాలుగు బాకీ ఉంటే, ఆ వంతు పదో భాగం నుంచి అయిదో భాగానికి పెరిగింది. అంటే సూచిక 2. బెనిష్ పరిశీలించిన మామూలు కంపెనీల్లో ఈ సూచిక సగటున 1.03 ఉంటే, తారుమారు చేసినవాటిలో 1.46 దాటింది.

రెండోది, స్థూల లాభపు రేటు తగ్గుతోందా? తగ్గుతుంటే అంకెలు దిద్దాలన్న ఆశ పుడుతుంది. మూడోది, యంత్రాలూ భవనాలూ కాని, త్వరలో నగదుగా మారని ఆస్తులు ఉబ్బుతున్నాయా? ఖర్చులు దాక్కునే చోటు అదే. నాలుగోది, అమ్మకాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయి? పెరుగుదల తప్పు కాదు, కాని దాన్ని నిలబెట్టుకోవాలన్న ఒత్తిడి ప్రమాదం. అయిదోది, తరుగుదల రేటు ఉన్నట్టుండి తగ్గించారా? ఆరోది, అమ్మకపు, పరిపాలనా ఖర్చుల పోకడ. ఏడోది, అప్పుల భారం. ఇక ఎనిమిదోది, చూపించిన లాభంలో నగదుగా చేతికి రాని భాగం మొత్తం ఆస్తుల్లో ఎంత? చూశారా, ఇది మా మామయ్య ప్రశ్నే! ఈ ఎనిమిదింటినీ తగిన గుణకాలతో హెచ్చించి కలిపితే ఒక అంకె వస్తుంది. అది మైనస్ 1.78 కంటె పైకి పోతే ఆ పద్దుల్ని జాగ్రత్తగా చూడమని అర్థం.

ఇప్పుడు విద్యార్థుల సంగతికి వస్తాను. ఆ వ్యాసం ఇంకా అచ్చు కాకముందే, 1998లో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులు క్లాసు పని కింద ఎన్రాన్ కంపెనీ పద్దులు తీసుకుని ఈ లెక్క కట్టారు. మహారాష్ట్రలోని దాభోల్ విద్యుత్ ప్రాజెక్టు వల్ల మనవాళ్ళు కూడా విన్న పేరే అది. 1996 నుంచి ఆరేళ్ళపాటు ఫార్చ్యూన్ పత్రిక దాన్ని అమెరికాలో అత్యంత నవకల్పన గల కంపెనీగా మెచ్చుకుంది. షేరు ధర అప్పుడు సుమారు 48 డాలర్లు, పేరుమోసిన నిపుణులు కొనమంటున్నారు. ఈ పిల్లలు మాత్రం, కంపెనీ లాభాలను తారుమారు చేస్తూ ఉండవచ్చు, షేర్లు అమ్మెయ్యడం మంచిదని రాశారు. ఎన్రాన్ 2001 డిసెంబరు 2న దివాలా దరఖాస్తు పెట్టింది. ముందెప్పుడో రాగలదనుకున్న లాభాన్ని ఒప్పందం కుదిరిన రోజునే లాభంగా రాసుకోవడం దాని అలవాట్లలో ఒకటి. పంట రాకముందే ధాన్యం కొలిచినట్టు! వేలమంది ఉద్యోగులు కొలువుతోపాటు, ఆ షేర్లలో పెట్టిన పదవీవిరమణ పొదుపు కూడా పోగొట్టుకున్నారు.

అలాగని ఈ లెక్కని మంత్రదండం అనుకోకూడదు. బయటపడకముందే పట్టుకోగలిగినది సుమారు సగం కంపెనీలనేనని బెనిష్ తన వ్యాసంలోనే రాశారు. 1998–2002 మధ్య పెద్ద సంచలనం రేపిన 17 మోసాల్లో 12ని ఇది ముందే గుర్తించిందని ఆయన, మరిద్దరు కలిసి 2013లో చూపించారు. మిగిలిన అయిదూ తప్పించుకున్నట్టే గదా. పైగా నిజాయితీగా, వేగంగా పెరిగే కంపెనీకి కూడా చెడ్డ మార్కు రావచ్చు. ఇది జ్వరం చూసే థర్మామీటరు వంటిది. జ్వరముందని చెబుతుంది, రోగమేదో చెప్పదు.

మన హైదరాబాదులో జరిగినదే చూడండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు తన ఉత్తరంలో, 2008 సెప్టెంబరు ఆఖరుకి చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. ఆ మూడు నెలలకు 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లే. అక్కడ "డబ్బేది?" అని ఎవరడిగినా, "బ్యాంకులో ఉంది" అన్న జవాబు కాయితం మీద సిద్ధంగా ఉంది. ఆ జవాబే అబద్ధం. బ్యాంకులకు ధృవీకరణ లేఖలు పంపి, జవాబులు నేరుగా తెప్పించుకోవలసిన ఆడిటర్లు ఆ పనిని కంపెనీవారి చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో పేర్కొంది. ఈ దెబ్బ తర్వాత 2013 కంపెనీల చట్టంలో నమోదైన కంపెనీలు నిర్ణీత కాలం తర్వాత ఆడిటర్లను మార్చాలన్న నియమం వచ్చింది. 2018లో ఆడిటర్ల పనిని తనిఖీ చేసే జాతీయ సంస్థ కూడా ఏర్పడింది.

చట్టాలు రావలసిందే, కాదనను. కాని మా మామయ్య నా లెక్కని నమ్మి ఊరుకోలేదు, సొరుగు లాగి చూశాడు. ఆడిట్ అంటే అంతే. కాయితం చెప్పినదాన్ని కాయితం బయటికి వెళ్ళి సరిచూడడం.

మిత్రులారా, ఈ పని చెయ్యడానికి మీకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. షేరు మార్కెట్లో నమోదైన కంపెనీల వార్షిక నివేదికలు అందరికీ దొరుకుతాయి. రెండేళ్ళ పద్దులు, ఒక కాయితం, ఒక సాయంత్రం చాలు. నేను కిందటేడు మా ఎం.కాం. పిల్లలచేత చేయించాను. మొదట మొహాలు చిట్లించినవాళ్ళే, ఆఖరికి లైబ్రరీ మూసేవేళయినా కదల్లేదు. సైన్సు, ఆర్ట్సు మిత్రులు కూడా వచ్చి కూచోవచ్చు. ఉద్యోగాల్లో చేరాక మీ పొదుపు కూడా ఏదో ఒక కంపెనీ అంకెల మీదే ఆధారపడుతుంది.

మామయ్య ఇప్పుడు లేడు. ఆ కాయితం మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. అంకణా కలిసింది, నికర లాభం పదకొండు వేలు. ఏటా కొత్త బ్యాచికి మొదటి క్లాసులో అది చూపించి, ఇందులో తప్పెక్కడుందో చెప్పమంటాను. కూడికల్లో తప్పు వెదుకుతారు, దొరకదు. అప్పుడడుగుతాను, "డబ్బేదిరా అబ్బాయ్?"