ఉదయ్‌పూర్‌లో 22 కార్లు, కాళ్లు లేని బొమ్మలు

ఉదయ్‌పూర్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది సిటీ ప్యాలెస్ చూసి, పిఛోలా సరస్సులో పడవెక్కి, నాలుగు ఫొటోలు దిగి ఊరంతా చూసేశామనుకుంటారు. రెండో ఉదయ్ సింగ్ 1559లో కట్టించిన నగరం కదా, కోటలకూ మహళ్లకూ కొదవేముంది! అయితే ఆ రాజులు ఎలాంటి బండ్లలో తిరిగారో, వాళ్ల ఏలుబడిలో జనం దేనికి నవ్వారో, ఏ దేవుణ్ని పాడుకున్నారో తెలియాలంటే ఇంకో రెండు చోట్లకు వెళ్లాలి. రెండూ ఊళ్లోనే. ఆటో మాట్లాడుకుంటే ఒక్క పూటలో అయిపోతాయి.

ఒకటి, గులాబ్ బాగ్ వైపున్న వింటేజ్ కార్ల మ్యూజియం. మేవాడ్ మహారాణాల పాత మోటారు గ్యారేజీనే 2000లో జనం చూడటానికి తెరిచారు. బండ్లు 22 దాకా ఉంటాయి. గుంపంతా 1934 నాటి రోల్స్ రాయిస్ ఫాంటమ్ ముందే. జేమ్స్ బాండ్ సినిమా ‘ఆక్టోపస్సీ’లో కనిపించింది ఈ కారే. ఆ సినిమా విడుదలైంది 1983లో, అంటే అప్పటికే బండికి 49 ఏళ్లు. 1961లో ఎలిజబెత్ రాణిని విమానాశ్రయానికి తీసుకెళ్లిన క్యాడిలాక్ కన్వర్టబుల్ కూడా ఇక్కడే ఉంది. నన్నడిగితే ఈ రెండింటినీ దాటి 1938 క్యాడిలాక్ దగ్గర ఆగమంటాను. ఏడుగురు పట్టే బండి, ఘోషా కోసం లోపల తెరలు. రాణివాసం వాళ్లు ఊరిని చూడొచ్చు, ఊరు మాత్రం వాళ్లను చూడకూడదు. కారు అమెరికాది, కట్టుబాటు మేవాడ్‌ది. ఆవరణలో బర్మా షెల్ కాలపు పెట్రోలు పంపు కూడా ఉంది. మొత్తానికి ముప్పావుగంట చాలు, కార్ల పిచ్చి ఉన్నవాళ్లకైతే గంట.

అసలు సమయం ఇవ్వాల్సింది రెండోదానికి. భారతీయ లోక్ కళా మండల్‌ను 1952లో దేవీలాల్ సామర్ స్థాపించారు. మాస్కులు, వాద్యాలు, గ్రామదేవతల బొమ్మలు, కావడ్ అనే తలుపుల మీద తలుపులుండే చెక్క గుడి, అన్నీ అక్కడ చేర్చారు. 1965లో బుకారెస్ట్‌లో జరిగిన మూడో అంతర్జాతీయ బొమ్మలాట ఉత్సవంలో మొదటి బహుమతి ఈ సంస్థ బృందానిదే.

ఈ ఆటలో వాడేది కఠ్‌పుత్లీ. తల చెక్కది, చేతులు గుడ్డవి, కాళ్లు అసలుండవు. పొడుగు పావడా ఊగితేనే నడక. మన తోలుబొమ్మ దీపం వెలుగులో తెర మీద రంగుల నీడవుతుంది. ఆడించేవాడూ తెర వెనకే ఉంటాడు. ఇక్కడ దారాలు పైనుంచి దిగుతాయి, బొమ్మ మన కళ్లెదుటే ఉంటుంది. ఆడించేవాడు పంటికింద బోలీ అనే చిన్న ఊదుడు పీక పెట్టుకుని కీచుగొంతుతో మాట్లాడతాడు. ఆ మాట మనకు అర్థం కాదు. పక్కనున్న ఢోలక్ వాళ్లు అందుకుని విడమరచి చెప్పాల్సిందే. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు తోలుబొమ్మల పేరు మళ్లీ పత్రికల్లో వినిపించింది. దేవీలాల్ సామర్‌కు ఆ గౌరవం 1968లోనే దక్కింది.

మండల్‌లోనే, కథను గుడ్డ మీద గీసిన ఫడ్ పటాల దగ్గర ఇంకాస్త ఆగండి. జానపద దేవుళ్లలో పాబూజీ పటమైతే సుమారు 15 అడుగులు, దేవనారాయణ్‌దైతే 30 అడుగులకు అటూఇటూ ఉంటుంది. చేర్యాల నకాశీ పటాన్ని కథ నడిచేకొద్దీ విప్పుకుంటూ పోతారు. ఫడ్‌ను మాత్రం మొత్తం ఒకేసారి కట్టేస్తారు. పాబూజీ కథకైతే, రాత్రంతా భోపా అనే పూజారి-గాయకుడు రావణహత్తా అనే తంతివాద్యం వాయిస్తూ పాడుతుంటే, అతని భార్య భోపీ దీపం ఎత్తి ఏ బొమ్మ చూపితే కథ అక్కడుంటుంది.

సాయంత్రం తీరికుంటే గణగౌర్ ఘాట్ పక్కన, 138 గదుల బాగోర్ కీ హవేలీలో 7 గంటలకు మొదలయ్యే జానపద నృత్యాలు గంటసేపు చూడొచ్చు. ఫతే సాగర్ సరస్సు దాటాక, ఊరికి 3 కిలోమీటర్ల దూరంలో 70 ఎకరాల శిల్పగ్రామ్ ఉంది. పడమటి రాష్ట్రాల పల్లె ఇళ్లు అక్కడ కట్టిపెట్టారు.

పూట కలిసిరాక ఒక్కచోటికే వెళ్లగలిగితే కార్లను వదిలేయండి, బొమ్మలాటకు వెళ్లండి. ఆట వేళలు మాత్రం ముందే కనుక్కోండి. ప్రయాణం డిసెంబరులో అయితే 21 నుంచి 30 వరకు శిల్పగ్రామ్‌లో ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోండి.