సూక్ష్మజీవులను దినువా రిరువురు

మా మౌలాలిలో మురుగుకాలువ దాటునప్పుడు ముక్కు మూసికొనని సోదరి యుండదు. ఆ నీటిలో బాక్టీరియాలే కాదు, వానిని జంపు బాక్టీరియోఫేజులును గలవు. బాక్టీరియా లున్న చోటనెల్ల ఇవి యుండును. 1917లో డెరెల్ అను శాస్త్రజ్ఞుడు వీనికీ పేరు పెట్టెను. బాక్టీరియాను దినునవి యని యర్థము. నిజమున కివి తినవు. బాక్టీరియాలో దమ జన్యుపదార్థమును జొనిపి, లోపల సంతతిని బెంచి, దానిని బగులగొట్టి వెలువడును.

నిజముగా మ్రింగునవి మన దేహములోని భక్షకకణములు. 1882లో మెసీనా పట్టణమున మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్లలకు ముల్లు గ్రుచ్చి, దానిచుట్టు నీ కణములు మూగుట గనిపెట్టెను.

చిక్కేమనగా, మందుగా నెక్కించిన ఫేజులను సైతము కాలేయములోను ప్లీహములోను గల భక్షకకణములు పట్టి మ్రింగివేయును. సాయమునకు వచ్చిన చుట్టమును గుమ్మములోనే కుక్క కఱచినట్లు!

అట్లని యీ కణములు లేకున్న మేలా? 2017లో వెలువడిన యొక పరిశోధనలో, ఊపిరితిత్తులకు సూడోమోనాస్ బాక్టీరియా సోకిన యెలుకలకు ఫేజుల నిచ్చిరి. రక్షణశక్తి చక్కగా నున్నవి బ్రతికినవి. న్యూట్రోఫిళ్లను తెల్లకణములు లేనివి మందు పడియు చచ్చినవి. ఫేజులకు లొంగని బాక్టీరియాలు కొన్ని పుట్టుచునే యుండును. వాని నేఱివేయుట యీ తెల్లకణముల పని. క్యాన్సరు మందులలో బెక్కు ఈ కణములనే తగ్గించును. కావున యాంటీబయాటిక్కులు పనిచేయక ఫేజుల కొఱ కెదురుచూచు రోగులలో మిక్కిలి దుర్బలులైన వారికే యవి చాలకపోవచ్చును.