గోధుమ ఊళ్లో హల్లెలూయ

ఈస్టర్ సంచికకు ముఖచిత్ర కథనంగా అమెరికాలోని ఒక స్వీడిష్ ఊరి గురించి రాయమని సంపాదకుడు పని అప్పగించారు. గడువుతోపాటు ఒక ఫొటో కూడా ఇచ్చారు. దుకాణం ముందు ఒంటినిండా రంగులు పూసుకున్న గుర్రం బొమ్మ. కాన్సస్ రాష్ట్రం నడిమధ్యన, స్మోకీ హిల్ నది పక్కన ఉన్న లిండ్స్‌బర్గ్ గురించి ఎక్కడ చదివినా ముందుగా ఎదురయ్యేవి ఈ ‘డాలా’ గుర్రాలే. ప్రధాన వీధిలో వరసగా ఉంటాయి. వాటితోపాటు ‘అమెరికాలోని చిన్న స్వీడన్’ అనే బిరుదు. బొమ్మలు ముచ్చటగానే ఉన్నాయి. కానీ 2020 జనాభా లెక్కల్లో 3,776 మంది మాత్రమే తేలిన ఊరు నూటనలభై ఏళ్లకు పైగా హాండెల్ సంగీతాన్ని వదలకుండా పాడుతోందని తెలిశాక నా మనసు వాటి మీద నిలవలేదు. ఆ పాట వెనక ఉన్న పాస్టరమ్మ ఆల్మా స్వెన్సన్ మీదికి పోయింది. ఆమె ఇంటి నుంచి ఒక దారి తిన్నగా మన రాజమండ్రికి వస్తుందని తెలిశాక ఈ కథనం ఆమెదే అయింది.

ముందు చరిత్ర చెప్పేస్తాను. 1867-69 మధ్య స్వీడన్‌లో కరువు వచ్చింది. అమెరికాలో 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం సాగు చేసుకునేవాళ్లకు 160 ఎకరాలు ఇస్తానంది. చికాగోలో కొందరు స్వీడిష్ వాళ్లు కంపెనీగా ఏర్పడి, రైల్వే దగ్గర 13,000 ఎకరాలకు పైగా కొన్నారు. 1869లో వార్మ్‌లాండ్ ప్రాంతం నుంచి పాస్టర్ ఓలోఫ్ ఓల్సన్ తన సంఘస్థులను వెంటబెట్టుకుని వచ్చాడు. మట్టిగడ్డలు పేర్చిన గుడిసెల్లో మొదలైన ఊరు ఇది. 1874లో మిడతల దండు పంటను ఊడ్చేసింది. ఇవే మైదానాల్లో తరతరాలుగా వేటాడుకున్న కాన్సా తెగవాళ్లను 1873లో ప్రభుత్వం రాష్ట్రం నుంచే పంపించేసింది. వలస వచ్చినవాళ్ల కష్టం గురించి రాసేటప్పుడు ఈ మాట కూడా రాయాలి.

ఓల్సన్ తరవాత 1879లో పాస్టర్‌గా వచ్చిన కార్ల్ స్వెన్సన్‌కు అప్పటికి 22 ఏళ్లు. రెండేళ్లు తిరిగేసరికి, 1881 అక్టోబరులో, చర్చి పక్కగదిలో పదిమంది విద్యార్థులతో బడి పెట్టాడు. ఇప్పటి బెథనీ కాలేజీ అదే. కాలేజీకి డబ్బు కావాలి. రైతుల దగ్గర డబ్బు లేదు. అప్పుడు ఎవరైనా విందు చేస్తారు, వేలంపాట పెడతారు. కార్ల్, ఆల్మా దంపతులు హాండెల్ ‘మెస్సయా’ పాడిద్దామనుకున్నారు.

‘మెస్సయా’ 1741లో రాసిన ఒరటోరియో. వేషాలుండవు, నటన ఉండదు. గాయకులు, బృందగానం, వాద్యబృందం కలిసి క్రీస్తు కథను రెండు గంటలకు పైగా పాడతారు. మన శ్రోతలు ఎక్కువమందికి తెలిసింది అందులోని ‘హల్లెలూయ’ ఒక్కటే. బృందగానంలో నాలుగు స్వరశ్రేణులు ఒకదాన్నొకటి తరుముకుంటూ సాగుతాయి. ఒకరి వరస తప్పితే నలుగురి వరసా చెదిరిపోతుంది. లండన్, డబ్లిన్ గాయకులు సైతం సాధన లేకుండా ముట్టుకోని సంగీతం అది.

దాన్ని ఆల్మా నేర్పింది పగలంతా నాగలి పట్టిన రైతులకు, వాళ్ల భార్యలకు, ఇళ్లలో పనిచేసే అమ్మాయిలకు. సాయంత్రాలు బళ్లు కట్టుకుని మైళ్ల దూరం నుంచి వచ్చేవాళ్లు. వీళ్లు ఇంట్లో మాట్లాడేది స్వీడిష్, పాడాల్సింది ఇంగ్లిషు. చర్చి కీర్తనలు తప్ప మరో సంగీతం ఎరగని గొంతులు. అలాంటివాళ్లకు ఒక్కో ముక్కా పాడి వినిపించి, తిరిగి పాడించి, సోప్రానో ఒకవైపు, బాస్ ఒకవైపు విడదీసి, మళ్లీ కలిపి నిలబెట్టడానికి ఎంత ఓపిక కావాలో పిల్లలకు నాలుగు వరసల కోలాటం నేర్పినవాళ్లకు తెలుస్తుంది.

1882 మార్చి 28న బెథనీ చర్చిలో తొలిసారి పాడారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్ ఐలాండ్ స్వీడిష్ కాలేజీ నుంచి వాద్యబృందం వచ్చి తోడుగా నిలిచింది. ఊరు పుట్టి అప్పటికి పదమూడేళ్లు. మట్టిగుడిసెల్లో కాపురాలు ఇంకా అందరికీ గుర్తున్న రోజులు. అప్పటి నుంచి దాదాపు ఏటా ఈస్టర్ వారంలో పాడుతూనే వచ్చారు. ఇప్పుడు కాలేజీలోని ప్రెసర్ హాల్లో గుడ్ ఫ్రైడే నాడు సాధారణంగా బాక్ సంగీతం, ఈస్టర్ ఆదివారం ‘మెస్సయా’. కాలేజీ విద్యార్థుల పక్కన ఊరివాళ్లు, చుట్టుపక్కల రైతులు నిలబడతారు. తాత నిలబడిన వరసలో మనవరాలు పాడే కుటుంబాలున్నాయి.

ఈ ఊరిని సంగీతం అద్భుతంగా ‘కాపాడింది’ అనే మాట చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది. నాకది నమ్మశక్యంగా లేదు. కాపాడినవి గోధుమ, రైలు, కాలేజీ ఫీజులు. సంగీతం చేసింది వేరే పని. విడివిడిగా, మైళ్ల ఎడంతో బతికే సేద్యగాళ్లకు ప్రతి శీతాకాలం ఒకచోట చేరడానికి అది కారణం ఇచ్చింది. ఆడవాళ్లకు మరీ ముఖ్యంగా. ఆ కూడిక అలవాటు ఎంత దూరం పోయిందో 1892లో తెలిసింది.

ఆ ఏడాది జూన్‌లో అగస్టానా సినడ్, అంటే అమెరికాలోని స్వీడిష్ లూథరన్ సంఘాల మహాసభ, లిండ్స్‌బర్గ్‌లో జరిగింది. తీర్మానాలు చేసే ప్రతినిధులంతా మగవాళ్లే. భర్తలతో, తండ్రులతో వచ్చిన ఆడవాళ్లు సుమారు యాభైమంది ఆల్మా ఇంట్లో సమావేశమయ్యారు. తమదంటూ ఒక మిషన్ సంఘం పెట్టుకున్నారు. చికాగో నుంచి వచ్చిన ఎమ్మీ ఎవాల్డ్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆమె ఆ కుర్చీలో 43 ఏళ్లు ఉంది. మధ్యలో 1902లో వాషింగ్టన్ వెళ్లి అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు స్త్రీల ఓటు హక్కు కోసం మాట్లాడి వచ్చింది.

ఇక మన గోదావరి సంగతి. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చిన సంగతి కోస్తా పాఠకులకు తెలిసిందే. ఏడు పదులు దాటిన వయసులో మళ్లీ వచ్చి ఆయన నిలబెట్టిన రాజమండ్రి మిషన్ అమెరికాలోని లూథరన్ జనరల్ కౌన్సిల్ కింద నడిచేది. అగస్టానా సినడ్ ఆ కౌన్సిల్‌లో భాగం. అందుకే ఆ సినడ్ పంపిన మొట్టమొదటి విదేశీ మిషనరీ అగస్ట్ కార్ల్‌సన్ చేరింది రాజమండ్రికే. 1880ల తొలినాళ్లలోనే ఆయన కన్నుమూశాడు. ఆల్మా ఇంట్లో పుట్టిన స్త్రీల సంఘం 1895లో తన తరఫున షార్లెట్ స్వెన్సన్‌ను అదే ఊరికి పంపింది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఆల్మాకు చుట్టం అనుకోనక్కర్లేదు, స్వీడిష్ వాళ్లలో అది ఊరూరా ఉండే పేరు. 1908లో షార్లెట్ మరణించింది. ఆమె జ్ఞాపకార్థం ఆడవాళ్లకు పెట్టిన బైబిల్ శిక్షణ పాఠశాల రాజమండ్రిలో ఆమె పేరుతోనే నడిచింది.

మిషనరీల పని మీద మన దగ్గర వాదాలున్నాయి, ఉండాల్సినవే. నన్ను కదిలించింది మాత్రం ఆ పనికి డబ్బు వచ్చిన తీరు. సంఘంలో సభ్యులు మామూలు గృహిణులు, ఇళ్లలో పనిచేసే అమ్మాయిలు. మహాసభలో నోరు విప్పే వీలులేని ఆడవాళ్లు, తాము ఎన్నడూ చూడబోని గోదావరి ఒడ్డున ఉన్న ఆడవాళ్ల చదువు కోసం చందాలు కూడబెట్టారు. ఈ పని మొదలైన ఊరి గుర్తుగా గుర్రం బొమ్మను ముందు పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

సెయింట్ లూయిస్ నుంచి వచ్చిన ఇల్లు

1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు స్వీడన్ ఒక చెక్క భవనాన్ని తయారుచేసి, విడిభాగాలుగా ఓడలో పంపింది. గీసింది వాస్తుశిల్పి ఫెర్డినాండ్ బోబెర్గ్. అదే ఏడు కార్ల్ స్వెన్సన్ మరణించాడు. ప్రదర్శన ముగిశాక, స్వీడన్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన డబ్ల్యు.డబ్ల్యు. థామస్ దాన్ని కొని, స్వెన్సన్ స్మారకంగా బెథనీ కాలేజీకి ఇచ్చాడు. ఏళ్ల తరబడి అందులో చిత్రకళా తరగతులు నడిచాయి. ఇప్పుడు 1898 నాటి పాత పిండిమర పక్కన మ్యూజియం ఆవరణలో ఉంది. 1976లో స్వీడన్ రాజు కార్ల్ గుస్తాఫ్ వచ్చి చూశాడు. మర కూడా ఇంకా తిరుగుతుంది, ఏడాదికోసారి మే నెల ఉత్సవంలో.

రెండేళ్లకని వచ్చిన చిత్రకారుడు

కార్ల్ స్వెన్సన్ స్వీడన్ గురించి రాసిన పుస్తకం చదివి, ఉద్యోగం ఉందా అని ఉత్తరం రాసిన యువకుడు బిర్గర్ శాండ్జెన్. 1894లో వచ్చాడు. రెండేళ్లు ఉండి పోదామనుకున్నవాడు 52 ఏళ్లు పాఠాలు చెప్పి, 1954లో ఇక్కడే మరణించాడు. స్మోకీ హిల్ నదిని, కాన్సస్ బండరాళ్లను ఊదా, నారింజ రంగుల్లో మందంగా దిద్దాడు. 1899 నుంచి ఈస్టర్ వారంలో సంగీతంతోపాటు చిత్రప్రదర్శన పెట్టించినవాళ్లలో ఆయన ఒకడు. ఆయన పేరిట గ్యాలరీ 1957లో తెరిచారు. ఇంకేం చూడకపోయినా ఇది చూడాలి.

గోర్బచేవ్ వచ్చిన ఊరు

ప్రపంచ మాజీ చాంపియన్ అనతోలీ కార్పోవ్ పేరిట 2003లో ఇక్కడ చదరంగం బడి మొదలైంది. 2005లో ‘శాంతి కోసం చదరంగం’ కార్యక్రమానికి మిఖాయిల్ గోర్బచేవ్ స్వయంగా వచ్చాడు.

వెళ్లాలనుకుంటే

విచిటాలో ఉన్న తెలుగువాళ్లకు కారులో గంటన్నరలోపు ప్రయాణం. సలైనా నుంచి సుమారు 20 మైళ్లు. స్వీడిష్ నాట్యాలు, వంటలు చూడాలంటే బేసి సంవత్సరాల్లో అక్టోబరులో ‘హిల్నింగ్స్‌ఫెస్ట్’కు వెళ్లండి. 1941 నుంచి జరుగుతోంది. నా మాట వింటే ఈస్టర్‌కే వెళ్లండి. ఆదివారం టికెట్ ముందుగా తీసుకోండి. గోధుమ కోత చూడాలంటే జూన్.

ఈ కథలో లిండ్స్‌బర్గ్ వైపు సగం భద్రంగా ఉంది. ఊరికి మ్యూజియం ఉంది, కాలేజీ ఉంది, పాడిన సంవత్సరాల లెక్క ఉంది. రాజమండ్రి వైపు సగం మన ఇళ్లలో చెల్లాచెదురుగా ఉంది. గోదావరి జిల్లాల్లో ఆ మిషన్ బడుల్లో చదివిన, పాఠాలు చెప్పిన అమ్మమ్మలు, నాయనమ్మల ఫొటోలు, ఉత్తరాలు, సర్టిఫికెట్లు మీ ట్రంకుపెట్టెల్లో ఉంటే దయచేసి పారేయకండి. ఫొటో వెనక ఎవరెవరో, ఏ సంవత్సరమో పెన్సిల్‌తో రాసిపెట్టండి. చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే అడగండి.