మబ్బులో భోషాణం

కలువాయిలో మా చిన్నాయన ఇంట్లో పాతకాలపు భోషాణం ఒకటి ఉంది. పొలం దస్తావేజులూ, పట్టాదారు పాసుపుస్తకమూ, పిల్లల మార్కుల జాబితాలూ అన్నీ అందులోనే. తాళంచెవి పిన్నమ్మ బొడ్లో ఉంటుంది. 2021 నవంబరులో సోమశిల నీరు వదిలి పెన్న పొంగినప్పుడు దిగువ ఊళ్ళు మునిగిన సంగతి వాళ్ళబ్బాయి మరిచిపోలేదు. మొన్న పండక్కి వచ్చి, కాగితాలన్నీ ఫోటోలు తీసి క్లౌడ్‌లో దాస్తానన్నాడు.

"మబ్బులో పెడితే పెట్టరా అబ్బయ్యా, తాళంచెవి ఎవురి దగ్గరుంటాది?" అన్నాడు చిన్నాయన.

అందరూ నవ్వారు గాని, అసలు ప్రశ్న అదే. ఈ మబ్బు ఆకాశంలో లేదు. ఎవరివో యంత్రాల్లో మనకిచ్చిన చోటు. కాగితాన్ని ముందుగా రహస్య లిపిలోకి మార్చి, విప్పే కీలకం మన దగ్గరే ఉంచుకుంటే ఆ కొట్టు యజమాని సైతం చదవలేడు. చదవలేడనే చెబుతారు!

2013 జనవరిలో న్యూజీలండులో 'మెగా' అని ఇటువంటి కొట్టు వెలిసింది. 'మెగా ఎన్‌క్రిప్టెడ్ గ్లోబల్ యాక్సెస్' అన్నదానికి అది పొడిపేరట. విప్పితే మొదటిమాట మళ్ళీ మెగాయే! పేరు సంగతి అలా ఉంచి, పరీక్షకు మాత్రం వెనకాడలేదు. తప్పు పట్టినవారికి 10,000 యూరోల దాకా బహుమానమన్నారు. కొన్ని లోపాలు దొరికాయి, సరిదిద్దారు. అయినా 2022లో జ్యూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు మరో కన్నం చూపారు: కొట్టు యజమానే దొంగయితే, ఖాతాదారు 512 సార్లు లోపలికి వచ్చేసరికి కీలకం కాజేయవచ్చునట. చిన్నాయన అనుమానం అక్షరాలా ఇదే. ఆ కన్నమూ పూడ్చారు.

మన ప్రభుత్వపు 'డిజీలాకర్' తీరు వేరు. 2015 ఫిబ్రవరిలో పరీక్షకు పెట్టి, జూలై 1న ప్రారంభించారు. ఆఫీసులిచ్చే పత్రాలు ఆఫీసుల్లోనే ఉంటాయి. లాకరు వాటిని రప్పించి చూపుతుంది. 2017 నుంచి చట్టం దృష్టిలో అవి అసలు పత్రాలతో సమానం. ఓటీపీ తప్పించుకుని లోపలికి దూరే లోపం 2020లో బయటపడితే సరిచేశారు. సంకేతపదం మరిచినా మళ్ళీ తెచ్చుకునే దారి ఉంది. మెగాలో అట్లా కాదు: సంకేతపదమూ, ముందుగా ఇచ్చే ఆదరువు కీలకమూ రెండూ పోతే కాగితాలకు నీళ్ళు వదులుకోవలసిందే.

అబ్బాయి ఆ కీలకాన్ని కాగితంమీద అచ్చు తీసి తెచ్చాడు. ఎక్కడ దాచాలని పెద్ద చర్చ జరిగింది. పిన్నమ్మ మాట్లాడకుండా బొడ్లోంచి తాళంచెవి తీసి భోషాణం తెరిచింది.