తీగ అడుగున తడి

హైదరాబాద్‌లో 2020లో తెరిచిన దుర్గంచెరువు తీగల వంతెన మీద ఫొటోలు దిగేవాళ్లందరి చూపూ దీపాలు వెలిగే పైభాగం మీదే ఉంటుంది. తీగలు తనిఖీ చేసే ఇంజనీరుకు మాత్రం ముందు కావలసింది కింది కొస. తీగ ఏటవాలుగా దిగివచ్చి వంతెనలోకి దూరే చోట రబ్బరు తొడుగు బిగువుగా ఉందా, దాని అంచున తుప్పు మరక ఏమైనా కారిందా, అడుగున నీళ్లు పోయే రంధ్రం పూడుకుపోయిందా? ఇవీ ఆయన చూసేవి. పైన తీగను కప్పే గొట్టానికి ఎక్కడ పగులున్నా, అందులో దూరిన వాన నీరు చివరికి చేరేది ఇక్కడికే. నీరు పల్లమెరుగు.

బయటికి ఒక్కటిగా కనిపించే తీగ నిజానికి ఒక పెద్ద కట్ట. ఏడు సన్నని ఉక్కు తీగలను మెలివేస్తే ఒక పేట. దాని మందం 15.7 మిల్లీమీటర్లు. దాన్ని తెంపాలంటే దాదాపు 28 టన్నుల బరువు వేలాడదీయాలి. అలాంటి పేటలు పదుల కొద్దీ ఒకే గొట్టంలో ఉంటాయి. కాబట్టి బలానికి లోటు లేదు, భయమంతా తుప్పుతోనే. బిగువు మీదున్న ఉక్కుకు చిన్న తుప్పు గుంట చాలు. అక్కడ మొదలైన పగులు, లారీ వెళ్లిన ప్రతిసారీ కంటికి కనబడనంత పెరుగుతూ పోతుంది.

తుప్పు పట్టకుండా ఉక్కును ఎలాగోలా కప్పేస్తే చాలని ఒకప్పుడు అనుకున్నారు. ఇటలీలోని జెనోవాలో 1967లో తెరిచిన మొరాందీ వంతెన తీగలను కాంక్రీటులో పొదిగారు. లోపల ఉక్కు ఎలా ఉందో నేరుగా చూసే దారే లేకపోయింది. 1990లలో ఒక స్తంభం తీగలకు బయటి నుంచి అదనపు తీగలు కట్టి బలపరిచారు. 2018 ఆగస్టు 14న కూలింది మరో స్తంభం దగ్గర. 43 మంది చనిపోయారు. అక్కడ తుప్పు తిన్నది తీగ పైకొసను. అంటే కింది కొస ఒక్కటే చూసి ఇంటికి వెళ్లిపోతే కుదరదన్నమాట. అమెరికాలోని లూయిజియానాలో 1983 నాటి లూలింగ్ వంతెనది ఇంకో కథ. అక్కడ ప్లాస్టిక్ గొట్టాల్లో సిమెంటు పాలు నింపారు. గొట్టాలు పగిలాయి, తేమ దిగింది. 2012కల్లా మొత్తం 72 తీగలూ మార్చాల్సి వచ్చింది.

ఇప్పటి పద్ధతి వేరు. పేటకు జింకు పూత పూసి, మైనం పట్టించి, విడిగా ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. సిమెంటు ఊసే లేదు. అనుమానం వస్తే ఒక్క పేటను బయటికి లాగి చూసి, కొత్తది ఎక్కించవచ్చు. ఈ రంగంలో వచ్చిన మార్పుల్లో నా లెక్కన ఇదే అసలైనది. శాశ్వతంగా ఉంటుందని మూసేసిన తీగ కన్నా, పాడవుతుందని ఒప్పుకుని విప్పేందుకు వీలుగా చేసిన తీగే నమ్మకమైనది.

విప్పకుండానే తెలుసుకునే దారులూ ఉన్నాయి. తీగకు ఒక చిన్న సెన్సర్ కడితే, గాలికీ బండ్లకూ అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో తెలుస్తుంది. వీణ తీగను బిగిస్తే శ్రుతి పెరిగినట్టే ఇక్కడా బిగువు పెరిగితే ఊపు వేగం పెరుగుతుంది. కాబట్టి వేగాన్ని బట్టి బిగువు లెక్కకట్టవచ్చు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. లోపల నాలుగు సన్న తీగలు తెగినా వంతెన బరువు తగ్గదు, మిగిలినవే దాన్ని మోస్తాయి. మొత్తం బిగువు దాదాపు అంతే ఉంటుంది. లెక్క బాగానే వచ్చినా తీగ బాగుందని చెప్పలేం.

అందుకే తీగ మీద పాకే యంత్రంతో అయస్కాంత పరీక్ష చేస్తారు. ఉక్కు తెగిన చోట అయస్కాంత క్షేత్రం బయటికి పొంగుతుంది, సెన్సర్ పట్టేస్తుంది. చిక్కేమిటంటే, ఎక్కువ అనుమానం ఉండే కొసల దగ్గరికి ఆ యంత్రం చేరలేదు. అక్కడ మూత విప్పి, మైనం తుడిచి, పేట చివరి నుంచి అల్ట్రాసౌండ్ పంపాల్సిందే. కొన్ని వంతెనలకు లోపల తీగ తెగిన చప్పుడును రాత్రింబవళ్లు పసిగట్టే సెన్సర్లు బిగించి ఉంటాయి.

వానను కూడా లెక్కలో వేసుకోవాలి. జపాన్‌లోని మెయికో-నిషి వంతెన దగ్గర 1980లలో ఒక వింత చూశారు. ఉత్త గాలికి కదలని తీగలు, వానతో కలిసిన ఓ మోస్తరు గాలికి విపరీతంగా ఊగాయి. తీగ మీద జారే సన్నని నీటి ధార దాని ఆకారాన్నే మార్చేసి గాలికి పట్టు ఇస్తోందని తేలింది. ఆ ధారను చెదరగొట్టడానికే ఇప్పుడు గొట్టాల చుట్టూ పురి తిరిగిన సన్నని గట్లు పోస్తున్నారు. ఊపును తగ్గించే డ్యాంపర్లనూ పెడుతున్నారు. వాటిలో నూనె కారుతోందా అని చూడటం తనిఖీలో మామూలు పని.

ఇంత చూసుకున్నా ఏదో ఒకటి తెగవచ్చు. అందుకే ఒక తీగ పోయినా నిలబడేలా, బండ్లను పూర్తిగా ఆపకుండానే ఒక తీగను మార్చుకునేలా వంతెనను లెక్కకడతారు. గ్రీసులోని రియో-అంటిరియో వంతెన మీద 2005 జనవరిలో పిడుగు పడి ఒక తీగ కాలి తెగిపడింది. వంతెన నిలిచింది, ఆ తీగ స్థానంలో కొత్తది వేశారు.